ఉప్పు ఎక్కడికి పోయింది?

 

ఇవాళ మన కబుర్లకు మూడే వస్తువులు కావాలి. ఒక గ్లాసు నీళ్ళు, ఒక చెంచా ఉప్పు, మీ నాలుక. మొదటి రెండూ వంటింట్లో దొరుకుతాయి. మూడోదానికి కాసేపు సెలవిచ్చి, చెవులు ఇటు పెట్టండి.

గ్లాసు నీళ్ళలో ఉప్పు వేసి చెంచాతో బాగా తిప్పండి. తిప్పారా? ఇప్పుడు గ్లాసు అడుగుకు చూడండి. ఉప్పు లేదు. పక్క నుంచి చూడండి. లేదు. మరి ఎక్కడికి పోయింది? "కరిగిపోయింది" అని మీరు ఠక్కున చెబుతారు. సరే, ఒప్పుకున్నాను. కరిగి ఎక్కడికి పోయింది?

ఇప్పుడు ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి. ఉప్పగా ఉంది కదా! కన్ను "లేదు" అంటోంది, నాలుక "ఉంది" అంటోంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం? తగువు తీర్చడానికి త్రాసును పిలుద్దాం. ఒక కిలో నీళ్ళు, అందులో 100 గ్రాముల ఉప్పు. కలిపాక తూచితే సరిగ్గా 1,100 గ్రాములు తూగుతుంది. ఒక్క గ్రాము కూడా తగ్గదు. ఉప్పు మాయమైతే బరువు కూడా తగ్గాలి కదా! అంటే ఉప్పు ఆ నీళ్ళలోనే ఉంది. మన కంటికి ఆననంత చిన్న చిన్న కణాలుగా విడిపోయి, నీళ్ళంతా పరుచుకుని ఉంది.

పిల్లలూ, ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. కనబడకుండా పోవడం వేరు, లేకుండా పోవడం వేరు. ఈ చిన్న మాటను వెంటబెట్టుకుని మన నెల్లూరు తీరం అంతా తిరిగొద్దాం. కావలి దగ్గర తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం దాటుకుంటూ పులికాట్ సరస్సు దాకా, అక్కడి నుంచి శ్రీహరికోట దాకా.

ముందుగా మైపాడు. ఆదివారం సాయంత్రం నెల్లూరు నుంచి మైపాడు బీచికి వెళ్ళే బస్సు ఎప్పుడైనా ఎక్కారా? కాలు పెట్టడానికి చోటుండదు. అందరూ ఒకరికొకరు ఆనుకుని నిలబడతారు. ఎవరి చోటు వాళ్ళది, అటూ ఇటూ ఊగడమే తప్ప కదలడానికి లేదు. రాయిలో, ఇటుకలో, మంచుగడ్డలో కణాలు ఇలాగే ఉంటాయి. వాటిని ఘనపదార్థాలు అంటాం. వాటికి తమదంటూ ఒక ఆకారం ఉంటుంది. చెంచాను గ్లాసులో వేసినా, పళ్ళెంలో పెట్టినా అది చెంచాగానే ఉంటుంది.

బస్సు మైపాడులో ఆగింది. జనం దిగారు. ఒకరినొకరు రాసుకుంటూ, దారి ఎటు తిరిగితే అటు తిరుగుతూ గుంపుగా కదిలారు. దగ్గరదగ్గరగానే ఉన్నారు, కానీ ఒకరి పక్కనుంచి ఒకరు జారిపోగలుగుతున్నారు. నీళ్ళలో, నూనెలో, పాలలో కణాల తీరు ఇది. ఇవి ద్రవాలు. చెంబులో పోస్తే చెంబు ఆకారం, గిన్నెలో పోస్తే గిన్నె ఆకారం. ఆకారం మారుతుంది కానీ లెక్క మారదు. లీటరు పాలు ఏ పాత్రలో పోసినా లీటరే.

ఇక ఇసుకలోకి రాగానే పిల్లలంతా ఏం చేస్తారు? ఒకడు అలల వైపు, ఒకడు ఐస్‌క్రీం బండి వైపు, ఇంకొకడు గవ్వల కోసం! ఎవరికి వాళ్ళు తలో దిక్కుకు పరుగు. వాయువుల్లో కణాలు ఇలాంటివి. ఎంత చోటిస్తే అంత చోటూ నింపేస్తాయి. వంటింట్లో పోపు వేస్తే వీధి గదిలో తుమ్ములు వచ్చేది అందుకే.

గాలి కనబడదు కదా, అదీ పదార్థమేనా అని అనుమానం రావచ్చు. బకెట్ నిండా నీళ్ళు పెట్టండి. ఒక గ్లాసు అడుగున కాగితం ఉండ చేసి గట్టిగా కుక్కండి. గ్లాసును బోర్లించి, పక్కకు వంచకుండా నిలువుగా నీళ్ళలో ముంచండి. మళ్ళీ అలాగే పైకి తీయండి. కాగితం తడవదు! గ్లాసులో ఉన్న గాలి తన చోటు తాను వదలలేదు, నీళ్ళను పైదాకా రానివ్వలేదు. కనబడకపోయినా ఉందన్నమాట.

బీచిలోనే ఉన్నాం కాబట్టి ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న. ఇసుకను దోసిట్లోంచి వదిలితే ధారగా జారుతుంది. సీసాలో పోస్తే సీసా ఆకారంలో సర్దుకుంటుంది. మరి ఇసుక ద్రవమా? ఆలోచించండి. ఇసుకను నేల మీద పోస్తే కుప్పగా నిలుస్తుంది. నీళ్ళు కుప్పగా నిలవడం ఎవరైనా చూశారా? ఒక్క ఇసుక రేణువును వేరుగా తీసి చూస్తే దానికంటూ ఒక ఆకారం ఉంది, ఎక్కడ పెట్టినా అది మారదు. ఇసుక అంటే లెక్కలేనన్ని చిన్ని ఘనపదార్థాల గుంపు. బియ్యం అంతే, చక్కెర అంతే.

ఘనం ద్రవంగా, ద్రవం వాయువుగా మారాలంటే ఏం కావాలి? వేడి. వేడి తగిలితే కణాలకు కదలిక ఎక్కువవుతుంది. మన తీరంలో వేటకు వెళ్ళే పడవల్లో మంచు వేసుకుని వెళతారు. చేపల మీద మంచు ముక్కలు కప్పితే, మంచు కరుగుతూ చేపల్లోని వేడిని లాగేసుకుంటుంది. మంచు మొత్తం కరిగేదాకా చల్లదనం సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. చేప చెడిపోకుండా ఒడ్డుకు చేరుతుంది.

నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని మీరు చదువుకుని ఉంటారు. కానీ ఆవిరి కావడానికి మరగాల్సిన పనే లేదు. దండెం మీద తడిచొక్కా వేస్తే అది మరుగుతుందా? మరగదు, ఆరుతుంది. పైపైన ఉండే నీటి కణాల్లో కాస్త వేగం ఎక్కువ ఉన్నవి ఒకటొకటిగా గాలిలోకి తప్పించుకుంటాయి. ఎండ కాస్తే ఇంకా తొందరగా, గాలి వీస్తే ఇంకా తొందరగా. ఎండ, గాలి రెండూ దండిగా ఉన్న చోటు సముద్రపు ఒడ్డు. ఆ రెండింటినీ కూలి ఇవ్వకుండా పనిలో పెట్టుకునే వాళ్ళు ఉన్నారు. ఉప్పు రైతులు.

పదండి, అల్లూరు మండలం ఇస్కపల్లి వైపు వెళదాం. అక్కడ ఉప్పు మడులు ఉన్నాయి. అటు వెళ్ళే ముందు సముద్రపు నీటి సంగతి తెలుసుకోవాలి.

లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. ఇది ప్రపంచంలోని సముద్రాలన్నిటి సగటు. మన బంగాళాఖాతంలో కొంచెం తక్కువ. ఎందుకంటే గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ, మన పెన్న, ఇన్ని నదులు మంచినీళ్ళు తెచ్చి ఇందులోనే పోస్తున్నాయి. ఆ లవణాల్లో ముప్పాతిక భాగం పైగా మనం తినే ఉప్పే. లెక్క వేస్తే, కిలో ఉప్పు కావాలంటే దాదాపు 40 లీటర్ల సముద్రపు నీరు ఎండాలి. పొయ్యి మీద కాచాలంటే ఎన్ని కట్టెలు కావాలో చూడండి! అందుకే సూర్యుణ్ణి పనిలోకి పిలుస్తారు.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అవి వెనక్కి తగ్గి, సంక్రాంతి వెళ్ళాక ఉప్పు పనులు ఊపందుకుంటాయి. ముందు మడి అడుగును చదును చేసి, తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. లేకపోతే నీళ్ళు కిందికి ఇంకిపోతాయి, ఉప్పులో మట్టి కలుస్తుంది. తర్వాత కాలువ ద్వారా వచ్చే సముద్రపు నీటినో, నేల కిందున్న ఉప్పునీటినో మడుల్లోకి పెడతారు. లోతు చాలా తక్కువ ఉంచుతారు. నీరు ఎంత పలుచగా పరిస్తే ఎండకూ గాలికీ అంత బాగా దొరుకుతుంది.

నీరు ఆవిరవుతూ ఉంటుంది. ఉప్పు మాత్రం ఎగిరిపోలేదు. ఉప్పు కణాలను ఘనంలోంచి ద్రవంగా కరగబెట్టాలన్నా 801 డిగ్రీల వేడి కావాలి. నెల్లూరు రోహిణి కార్తె ఎండ ఎంత మండినా అంత మండదు కదా! కాబట్టి నీరు పోతుంది, ఉప్పు ఉంటుంది. మిగిలిన నీరు రోజురోజుకూ చిక్కబడుతుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి, అక్కడి నుంచి మరో మడికి దాన్ని మళ్ళిస్తూ పోతారు.

ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. సముద్రపు నీళ్ళలో ఉన్నది తినే ఉప్పు ఒక్కటే కాదని చెప్పుకున్నాం. జిప్సం ఉంది, మెగ్నీషియం లవణాలు ఉన్నాయి. ఇవన్నీ ఒకేసారి బయటికి రావు, వరస ప్రకారం వస్తాయి. మొదట జిప్సం అడుగుకు దిగిపోతుంది. అప్పుడు నీటిని చివరి మడికి మళ్ళిస్తే, అసలు నీరు పదో వంతుకు తగ్గేసరికి తినే ఉప్పు గళ్ళు కట్టడం మొదలవుతుంది. చివరికి మిగిలిన నీరు నోట్లో పెట్టుకోలేనంత చేదు. అందులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి. ఆ చేదునీటిని బయటికి వదిలేస్తారు. ఏది ముందు వస్తుందో, ఏది వెనక వస్తుందో తెలిసి, సరైన సమయానికి నీటిని మళ్ళించడంలోనే ఉప్పు రైతు నేర్పంతా ఉంది.

ఆ చేదునీరు సరిగా పోకపోతే ఏమవుతుందో మీ అవ్వకు తెలుసు. వానాకాలంలో జాడీలో కల్లుప్పు చెమర్చడం చూసే ఉంటారు. ఉప్పుకు అంటుకున్న మెగ్నీషియం లవణం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చూశారా, గాలిలో నీళ్ళున్నాయని జాడీ కూడా సాక్ష్యం చెబుతోంది!

ఒక కల్లుప్పు గల్లును భూతద్దంతో చూడండి. అంచులు సూటిగా, మూలలు చదరంగా కనిపిస్తాయి. దీన్ని స్ఫటికం అంటారు. కణాలు తొందర లేకుండా, నెమ్మదిగా వచ్చి వరసలో నిలబడితే పెద్ద స్ఫటికాలు వస్తాయి. తొందరపెడితే చిన్నవి వస్తాయి.

మరి అకాలంలో వాన పడితే? మడిలో పేరుకున్న ఉప్పు మళ్ళీ కరిగిపోతుంది. నెలల కష్టం ఒక్క రాత్రిలో నీళ్ళపాలు. అందుకే గుట్టలుగా పోసిన ఉప్పు మీద తాటాకులో, పట్టాలో కప్పుతారు. మనం పులుసులో చిటికెడు ఉప్పు వేసుకునేటప్పుడు దాని వెనక ఇంత పని ఉందని గుర్తుంచుకోవాలి. ఈ ఉప్పు కోసమే గాంధీ గారు 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో తెల్లవాళ్ళ చట్టాన్ని ధిక్కరించారు. ఆంధ్ర తీరంలోనూ ఎన్నో చోట్ల జనం ఉప్పు చేశారు. సముద్రపు నీటిని కాచి ఉప్పు తీయడం అప్పట్లో నేరం. మీ సైన్సు పుస్తకంలో ఇప్పుడది ఒక ప్రయోగం!

సరే, నీళ్ళలో ఎంత ఉప్పైనా కరుగుతుందా? కరగదు. లీటరు నీళ్ళలో దాదాపు 360 గ్రాముల దాకా కరుగుతుంది. ఆపైన ఎంత తిప్పినా అడుగునే కూర్చుంటుంది. చక్కెర అయితే అదే లీటరు నీళ్ళలో రెండు కిలోల దాకా కరుగుతుంది. నీళ్ళు వేడి చేస్తే చక్కెర ఇంకా చాలా ఎక్కువ కరుగుతుంది. ఉప్పుకు మాత్రం వేడి వల్ల పెద్ద తేడా రాదు. పాకం పట్టే అమ్మకు చక్కెర సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

రెండు మూడు పదార్థాలు కలిసి ఉండి, ఏ పదార్థం గుణం దానికే ఉంటే దాన్ని మిశ్రమం అంటాం. ఉప్పునీటిలో ఉప్పు ఉప్పగానే ఉంది, నీరు తడిగానే ఉంది. మిశ్రమాలు ఘనాల్లోనూ ఉంటాయి, వాయువుల్లోనూ ఉంటాయి. ఇంట్లో ఇత్తడి చెంబు ఉందా? అందులో రాగి, జింకు కలిసి ఉన్నాయి. మీరు పీల్చే గాలిలో వందకు 78 వంతులు నైట్రోజన్, 21 వంతులు ఆక్సిజన్, మిగిలింది ఇంకొన్ని వాయువులు. నీటి ఆవిరి మాత్రం రోజును బట్టి, చోటును బట్టి ఎక్కువా తక్కువా అవుతుంది.

అన్ని మిశ్రమాలూ ఉప్పునీళ్ళంత బుద్ధిగా ఉండవు. వరద వచ్చినప్పుడు పెన్న నీళ్ళు గ్లాసులో పట్టి, కదపకుండా ఉంచండి. కాసేపటికి ఒండ్రు అడుగుకు చేరుతుంది, పైన తేట నిలుస్తుంది. మట్టి నీళ్ళలో కరగలేదు, ఊరికే తేలుతోంది. నీళ్ళు నిలిస్తే అదీ కూర్చుంటుంది. మరీ సన్నని మట్టి ఎంతకీ దిగకపోతే పటిక ముక్క తిప్పుతారు. పటిక ఆ సన్నని రేణువులను ఒకచోటికి చేరుస్తుంది. గుంపు కట్టి బరువెక్కి దిగిపోతాయి. పాలు ఇంకో రకం. అందులో కొవ్వు సన్నని బిందువులుగా ఉంటుంది. అది కరిగీ లేదు, అడుగుకు దిగేదీ కాదు. పెరుగు చేసి చిలికితే ఆ బిందువులు ఒకదానికొకటి అంటుకుని వెన్నగా పైకి తేలుతాయి.

ఇప్పుడు సూళ్ళూరుపేట వైపు, పులికాట్ సరస్సుకు వెళదాం. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇదే రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కాళంగి, అరణి లాంటి ఏరులు. సముద్రం ఉప్పునీరు ఇస్తుంది, ఏరులు మంచినీరు ఇస్తాయి. వానాకాలంలో మంచినీటిది పైచేయి, ఎండాకాలంలో ఉప్పుది పైచేయి. మిశ్రమానికి ఇంత పాలే ఉండాలన్న నియమం లేదని చూడ్డానికి ఇంతకన్నా పెద్ద గ్లాసు ఎక్కడ దొరుకుతుంది!

చలికాలంలో అక్కడికి ఫ్లెమింగోలు వస్తాయి. పొడవైన కాళ్ళు, గులాబీ రంగు రెక్కలు, మధ్యలో వంగిన ముక్కు. ఆ పక్షుల పేరు మీద సూళ్ళూరుపేటలో పండుగే చేస్తారు. ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి, ముక్కును బురదనీళ్ళలో ముంచుతుంది. నీళ్ళను లోపలికి లాగుతుంది, నాలుకతో బయటికి నెడుతుంది. ముక్కు లోపలి అంచుల్లో సన్నని పళ్ళ వరసలు ఉంటాయి. నీరు, సన్నని బురద బయటికి పోతాయి. చిన్న చిన్న రొయ్యలు, పురుగులు, నాచు లోపల చిక్కుతాయి. జల్లెడ కొనకుండానే జల్లెడ పట్టడం అంటే ఇదీ!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఫ్లెమింగో ఏ తేడాను పట్టుకుంది? పరిమాణం తేడా. పెద్దది ఆగుతుంది, చిన్నది పోతుంది. ఒండ్రు దిగినప్పుడు పనికొచ్చింది బరువు తేడా. కళ్ళంలో గాలికి ధాన్యం తూర్పారబడితే, తాలు దూరంగా ఎగిరి, గింజ దగ్గరగా పడుతుంది. అదీ బరువు తేడాయే. ఉప్పు మడిలో పనికొచ్చింది ఏది ఆవిరవుతుంది, ఏది కాదు అనే తేడా. ఏ మిశ్రమాన్ని విడదీయాలన్నా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. వీటి మధ్య తేడా ఏమిటి?

వాయువులు కూడా నీళ్ళలో కరుగుతాయి తెలుసా? నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు చూడని పిల్లలు తక్కువ. చెరువులో చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళను ఎగజిమ్ముతుంటాయి. వాటిని ఏరియేటర్లు అంటారు. రొయ్యలు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. మన దగ్గరి వేడికి లీటరు నీళ్ళలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ సుమారు 7 మిల్లీగ్రాములే. ఉప్పు వందల గ్రాములు కరిగే చోట ఆక్సిజన్ చిటికెడు కూడా లేదు! నీరు వేడెక్కే కొద్దీ అదీ తగ్గుతుంది. పగలు నీటిలోని నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ వాడుకోవడమే తప్ప ఇవ్వదు. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోతే రైతుకు నిద్ర పట్టదు. చక్రం తిరిగితే నీరు తుంపరలై గాలికి ఎక్కువగా తగులుతుంది, ఆక్సిజన్ లోపలికి కరుగుతుంది.

ఇక చివరి మజిలీ శ్రీహరికోట. పులికాట్‌కూ సముద్రానికీ నడుమ ఉన్న దీవి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022లో తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్, రోహిణి-125, పైకి లేచింది. ఘనం, ద్రవం, వాయువు ముగ్గురూ కలిసి ఎంత పని చేయగలరో అక్కడ చూడాలి.

2023 జులై 14, మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలు. చంద్రయాన్-3ను మోసుకుని ఎల్‌వీఎం-3 రాకెట్ లేచింది. మీలో చాలామంది మిద్దె ఎక్కి చూసే ఉంటారు. ఆ రాకెట్‌కు రెండు పక్కలా రెండు లావుపాటి గొట్టాలు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో సుమారు 200 టన్నుల ఘన ఇంధనం. అది కూడా ఒక మిశ్రమమే! అల్యూమినియం పొడి, ఆక్సిజన్ అందించే ఒక లవణం, వీటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి పదార్థం. మూడింటినీ ముద్దగా కలిపి, అచ్చులో పోసి, గట్టిపడనిస్తారు. ఈ పని శ్రీహరికోటలోనే జరుగుతుంది. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే అయిపోయేదాకా మండాల్సిందే, మధ్యలో ఆపలేం. కానీ బలం మాత్రం భలే ఎక్కువ. నేల మీంచి లేపడానికి అదే కావాలి.

నడుమ ఉన్న భాగంలో ద్రవ ఇంధనం, సుమారు 110 టన్నులు. ద్రవమైతే గొట్టాల్లో ప్రవహిస్తుంది. ఎంత కావాలో అంత వదలవచ్చు, వాల్వు మూసి ఆపవచ్చు.

అన్నిటికంటే పైభాగం చూడండి. అందులో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ ఉంటాయి. మామూలుగా అవి వాయువులు. ఆక్సిజన్‌ను సున్నాకు 183 డిగ్రీలు కిందికి, హైడ్రోజన్‌ను 253 డిగ్రీలు కిందికి చల్లబరిస్తే ద్రవాలవుతాయి. ఎందుకింత తిప్పలు? వాయువుకు చోటు ఎక్కువ కావాలని బీచిలో చూశాం కదా. ద్రవంగా చేస్తే అదే ఆక్సిజన్ ఎనిమిది వందల రెట్లకు పైగా తక్కువ చోటులో సర్దుకుంటుంది. పైన అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి మంటకు కావలసిన ఆక్సిజన్‌ను రాకెట్ తనతోనే మోసుకుపోవాలి. చోటు మిగిలితే బరువు మిగులుతుంది, బరువు మిగిలితే చంద్రుడు దగ్గరవుతాడు.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి మండితే ఏమొస్తుందో ఊహించండి. పొగ కాదు, బూడిద కాదు. నీటి ఆవిరి! కానీ ఇది ఉప్పూ నీళ్ళూ కలిసినట్టు కలవడం కాదు. ఇక్కడ కొత్త పదార్థం పుట్టింది. నీళ్ళలో హైడ్రోజన్ గుణమూ కనబడదు, ఆక్సిజన్ గుణమూ కనబడదు. హైడ్రోజన్ మండుతుంది, ఆక్సిజన్ మంటను పెంచుతుంది, నీరేమో మంటను ఆర్పుతుంది! పాళ్ళు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండవు. రెండు హైడ్రోజన్ పరమాణువులకు ఒక ఆక్సిజన్ పరమాణువు, ఎప్పుడూ అంతే. జల్లెడతో గానీ, ఎండతో గానీ వీటిని విడదీయలేం. అందుకే నీటిని మిశ్రమం అనరు, సమ్మేళనం అంటారు. పెద్ద తరగతుల్లో దీని గురించి ఇంకా చదువుతారు.

ఇప్పుడు మీకు ఇంటిపని. మొదటిది తేలిక. మొదట కలిపిన ఉప్పునీళ్ళను ఒక నల్లటి పళ్ళెంలో పలుచగా పోసి, మిద్దె మీద ఎండలో పెట్టండి. పక్కనే ఇంకో పళ్ళెంలో ఉత్త మంచినీళ్ళు అంతే పోసి పెట్టండి. రెండో పళ్ళెం ఎందుకో మీరే చెప్పాలి. ఏది ముందు ఎండింది, ఎండాక ఏ పళ్ళెంలో ఏం మిగిలింది, పలక మీదో పుస్తకంలోనో రాసి పెట్టుకోండి.

రెండోది కాస్త గట్టిది. ఒక గిన్నెలో ఉప్పు, ఇసుక, రంపపు పొట్టు, నాలుగు ఇనప గుండుసూదులు కలిపేయండి. గుండుసూదులు కలిపేటప్పుడు, తీసేటప్పుడు పెద్దవాళ్ళను పక్కన ఉండమనండి. ఒక అయస్కాంతం, నీళ్ళు, పాత పల్చటి గుడ్డ, ఎండ. ఈ నాలుగింటితోనే నాలుగు పదార్థాలనూ వేరు వేరుగా తీయాలి. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది మీ ఇష్టం, కానీ వరస తప్పితే పని రెట్టింపవుతుంది. ప్రతి అడుగులోనూ ఏ తేడాను పట్టుకున్నారో చెప్పగలిగితే మీరు గెలిచినట్టే. ఒక్క హెచ్చరిక. ఈ మిశ్రమంలోంచి తీసిన ఉప్పును నోట్లో పెట్టుకోకండి. అసలు పేరు తెలియని ఏ పదార్థాన్నీ, ఏ ద్రవాన్నీ రుచి చూడకూడదు. నాలుక సాక్ష్యం తీసుకునేది వంటింటి వస్తువుల దగ్గరే.

మీరు వేసుకున్న వరసను మీ స్నేహితుడు వేసుకున్న వరసతో పోల్చి చూడండి. రెండూ వేరైతే తగువులాడకండి, రెండూ చేసి చూడండి. ఎవరిది తక్కువ నీళ్ళతో, తక్కువ సమయంలో అయిందో లెక్కపెట్టండి. జవాబు మీ టీచరుకు చూపించి, ఎందుకో కూడా వివరించండి.